పూసలు అసలైనవి

పాట రెండో చరణంలో పై స్వరం అందడం లేదని మా అక్క గమనించింది. ఆళ్లగడ్డ చర్చిలో ఆదివారం ఆరాధనలో ముందు వరుసలో నిలబడి నలభై ఏళ్లుగా పాడుతున్న మనిషి ఆమె. ఇంటికి వచ్చి, అద్దం ముందు నిలబడి, గుక్కెడు నీళ్లు మింగి చూసుకుందట. గుటకతో పాటు కంఠానికి కుడివైపున రేగుపండంత ఉబ్బు పైకి లేచి, మళ్లీ కిందికి దిగింది. మర్నాడు నంద్యాలలో ఉన్న నాకు ఫోన్ చేసినప్పుడు ఆమె మాటలో భయం లేదు.

"రేయ్, అవ్వకొచ్చిందే నాకూ వచ్చినట్టుండాది. అవ్వ పూసలు యాడ పెట్టినానో ఎతుకుతాండా."

ఆ రోజు నేను ఆసుపత్రి అన్న మాట ఎన్నిసార్లు అన్నానో, ఆమె పూసలన్న మాట ఎన్నిసార్లు అందో ఇప్పుడు చెప్పలేను. ఫోన్ పెట్టేశాక నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ గడ్డ కంటే ఆ పూసలే అన్నది మాత్రం గుర్తుంది. ఇది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా జరిగింది అదే.

నేను నంద్యాలలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. ఎవరేం చెప్పినా ఆధారం అడగకుండా ఉండలేను. బంధువుల పెళ్లిళ్లలో నేను కూర్చున్న వరుసలో ఎవరూ చక్కెర జబ్బుకు కాకరరసం గురించి మాట్లాడరు. అక్క ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసి నాకంటే ముందే రిటైరైంది. బావ పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, పెళ్లయి బనగానపల్లెలో ఉంటుంది. శిల్పులుండే వీధిలో, పొద్దస్తమానం ఉలి చప్పుళ్ల మధ్య, అక్క ఒంటరిగా ఉండేది. అందువల్ల ఆమె ఆరోగ్యం గురించి నిర్ణయాలు తీసుకునే బాధ్యత నాదేనని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆ పూసల కథ మా ఇంట్లో అందరికీ కంఠస్థం. మా అవ్వ ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. అక్కడి దొరసాని తన దేశానికి తిరిగి వెళ్లేముందు అవ్వ గొంతు మీది వాపు చూసి, తన మెడలోని అంబర్ పూసల దండ తీసి ఆమె మెడలో వేసి, వేసుకుంటే తగ్గుతుందని చెప్పిందట. వాపు తగ్గిందట. అవ్వ ఎనభై దాటి బతికింది. దండ అమ్మకు, అమ్మ నుంచి అక్కకు వచ్చింది. వాపు ఎంత ఉండేది, ఎన్నాళ్లకు తగ్గింది, ఆ రోజుల్లో ఇంట్లో వాడే ఉప్పు మారి అయోడిన్ అందిందా, ఆసుపత్రిలో అవ్వ ఇంకేదైనా మందు మింగిందా? ఒక్క కొలత లేదు. ఒకే రోగి, ఒకే సాక్షి. ఆ ఇద్దరూ ఒకరే.

అక్క తాయెత్తులు నమ్మే మనిషి కాదు. బడిలో పిల్లల మెడల్లో తాయెత్తులు చూస్తే వాళ్ల తల్లులను పిలిపించి తిట్టేది. పూసల విషయంలో ఆమె నమ్మకం వేరే దారిన వచ్చింది. ఫోన్‌లో ఎవరో మాట్లాడిన వీడియో ఒకటి చూసి, నాకు చూపించింది.

"ఇది తాయెత్తు కాదురా, మందు. దీంట్లో సక్సినిక్ యాసిడ్ ఉంటాదంట. ఒంటి వేడికి కరిగి తోలులోకి దిగుతాదంట. నీ సబ్జెక్టే కదా?"

నా సబ్జెక్టే. అక్కడే చెడింది.

అంబర్ రాయి కాదు. చెట్టుకు గాయమైతే ఆ గాయాన్ని మూసుకోవడానికి అది కార్చే జిగురే కోట్ల ఏళ్లలో అలా గట్టిపడుతుంది. అన్ని చెట్ల జిగురూ అలా మారదు. మన తుమ్మబంక చక్కెరల గొలుసు. నీళ్లలో కరిగిపోతుంది, నాలుగు వానలకు ఆనవాలుండదు. నల్లమలలో అందుగు చెట్టు నుంచి కారే సాంబ్రాణి నీళ్లలో పూర్తిగా కరగదు కానీ, అందులోని అణువులకు ఒకదాన్నొకటి పట్టుకునే చేతులు లేవు. అంబర్‌గా మారే జిగురులో లాబ్డేన్ అనే వర్గానికి చెందిన ఆమ్లాలుంటాయి. వాటి జంట బంధాలు విచ్చుకుని, అణువు అణువుతో ముడిపడి, చివరికి ముద్దంతా ఒకే వల అవుతుంది. తేలికైన భాగాలు ఆవిరైపోతాయి. మిగిలినది మట్టిలో, నీళ్లలో, సారాలో చెక్కుచెదరదు. ఐరోపా ఉత్తరాన సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చే బాల్టిక్ అంబర్‌లో దీనికి తోడు సక్సినిక్ ఆమ్లం ఉంటుంది. అది ఆ వలలో పోగుకు పోగుకు మధ్య ముడిలాగా ఇరుక్కుని ఉంటుంది.

వీడియోలోని మనిషి ఆమ్లం ఉందని చెప్పాడు, అది నిజం. ముడిపడి ఉందని చెప్పలేదు. ఈ ఒక్క వాక్యం అక్కకు ఆ రోజే, ఆ వీడియో ఆగగానే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అంతకంటే తేలికైన గెలుపు నాకు కనిపించింది.

ముందు ఆమెను బలవంతంగా నంద్యాల పిలిపించి ఒక డాక్టరుకు చూపించాను. ఆయన వేళ్లతో తడిమి, స్కాన్ తీయించి, నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపాలి. అది చూశాక కర్నూలు పెద్దాసుపత్రికి పంపాలా వద్దా చెప్తా. ఆలస్యం చేయొద్దు." అక్క తల ఊపింది. బయటికి వచ్చి ఆటో ఎక్కుతూ, "సూది గుచ్చితే నిద్రపోయేదాన్ని లేపినట్టంట, మా వీధిలో అందరూ చెప్తాండారు" అంది. అలాంటిదేమీ లేదని చెప్పాను. ఆమె వినలేదు. పది రోజుల తర్వాత నేను ఆళ్లగడ్డ వెళ్లేసరికి ఆమె మెడలో ఆ దండ ఉంది. ముదురు ఎరుపులో, దాదాపు ఒకే రంగులో, ఏ పురుగూ ఏ పొరా లేని ముప్పై ఒక్క పూసలు.

"ఇవి అంబర్ కాదక్కా. ప్లాస్టిక్."

"ముట్టుకోకుండానే చెప్తాండావే. నువ్వేనా పిల్లోళ్లకు సైన్సు చెప్పింది?"

"ఆ కాలంలో అంబర్ అని చెప్పి బేకలైటు, సెల్యులాయిడ్ లాంటి పాత ప్లాస్టిక్‌లు కూడా అమ్మేవాళ్లు. దొరసాని అసలైనదాన్ని తెచ్చి ఆయా మెడలో వేస్తుందా, ఆలోచించు."

అక్క బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టింది.

"అదీ నీ లోపలుండే మాట. మన అవ్వకు ఎవరన్నా నిజమైంది ఇస్తారా అని నీ అనుమానం."

ఆమె చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. సంభావ్యత లెక్కలు అని నేను గౌరవంగా పిలుచుకున్నదాని అడుగున ఉన్నది ఆ అనుమానమే.

"సరే, ప్లాస్టిక్ అని తేల్చు" అంది అక్క. "తేల్చిన మర్నాడే కర్నూలు పోతా. సూది గాదు, కత్తే పెట్టించుకుంటా. నిజమైంది అని తేలితే మాత్రం నా జోలికి రావొద్దు. సరేనా?"

"సరే" అన్నాను.

ప్రశ్న సరిగా చదవకుండా రాసిన జవాబుకు సున్నా అని ముప్పై ఏళ్లు విద్యార్థులకు చెప్పిన నోటితోనే ఆ మాట అన్నాను. పూసలు దేనితో చేసినవన్నది ఒక ప్రశ్న. అవి గడ్డను కరిగిస్తాయా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ఏదైనా రెండోదానికి జవాబు మారదు. ఇది ఇంటర్ పిల్లవాడికి కూడా తెలుసు. గెలుస్తానన్న ధీమా ఉన్నప్పుడు, ఏ పందెం ఒప్పుకుంటున్నామో చదవాలన్న ఓపిక ఉండదు.

మొదటి పరీక్ష ఉప్పునీళ్లు. ఇంకా కరగనని ఉప్పు అడుగున మిగిలేదాకా గాజుగ్లాసులో కలిపి, దండ అందులో వదిలాను. బేకలైటు అయితే రాయిలా మునగాలి. దండ తేలింది. అక్క గ్లాసును వెలుతురుకు పట్టుకుని, చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"మునగలేదే! ఏం సార్, ఎన్ని మార్కులు?"

"పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ కూడా ఉప్పునీళ్లలో తేలుతుంది. ఇది సరిపోదు."

"ఓహో. మునిగితే ప్లాస్టిక్, తేలితే ఇంకో ప్లాస్టిక్."

రెండో పరీక్ష రెండు వారాల తర్వాత. అందుకు ఎదురింటి శిల్పి దగ్గరికి పోయాం. ఆయన ఆ పూట ఒక నందికి విరిగిన చెవి కొస అతికిస్తున్నాడు. లక్క, గుగ్గిలం, రాతిపొడి కలిపి చిన్న మూకుడులో కాచి, వేడిగా ఉండగానే పుల్లతో పగులులోకి దిగవేస్తున్నాడు. నేను చూస్తుండటం గమనించి, "పూజకు పోయేదానికి అతుకు పెట్టం సార్. ఇది గేటు కాడ నిలబడేది" అన్నాడు. ఆయన పొయ్యిలోనే సూది కాల్చి, ఒక పూస రంధ్రం పక్కన ఆనించాను. సన్నని తెల్లటి పొగ లేచింది. సెల్యులాయిడ్ అయితే కర్పూరం వాసన, బేకలైటు అయితే ముక్కు పట్టలేని ఘాటు రావాలి. ఆ రెండూ రాలేదు. శిల్పి ఉలి కింద పెట్టి వంగి వాసన చూశాడు.

"ఇది చెట్టుదే సార్. మా గుగ్గిలం వాసన కాదు గానీ, చెట్టుదే." తర్వాత అక్క వైపు, నా వైపు చూసి నవ్వాడు. "అక్కకు గుచ్చాల్సిన సూది పూసకు గుచ్చుతాండావే సార్. నొప్పి లేదులే దీనికి."

అక్క కూడా నవ్వింది. నేను విననట్టు సూది తుడుచుకున్నాను.

చెట్టుదే అయితే ఏ చెట్టుది, ఎంత పాతది? కోపల్ అని ఒకటుంది. అది ఇంకా వల పూర్తిగా అల్లుకోని, వయసు చాలని జిగురు. చూడటానికి అంబర్‌లాగే ఉంటుంది, వేడి సూదికి అదే రకం వాసన వస్తుంది. మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చి మూడో పరీక్ష చేశాను. కోపల్ అయితే చుక్క పడినచోట జిగటగా మారాలి. వేలు పెట్టి చూశాను. పొడిగా, నున్నగా ఉంది. ఈ మూడు పరీక్షల మధ్య ఎండాకాలం అయిపోయింది. గడ్డ రేగుపండు దాటి నిమ్మకాయంత అయింది. అక్క పైట కొంగును మెడ చుట్టూ తిప్పి వేసుకోవడం మొదలుపెట్టింది. నేను అది చూశాను. చూసి, ఇంకొక్క పరీక్ష మిగిలిందన్నాను.

"ఒక పూస ఇవ్వు. హైదరాబాదుకు పంపుతా. అక్కడ నా దగ్గర చదువుకున్నవాడున్నాడు. వాడు చెప్పిందే చివరి మాట."

"తిరిగొస్తాదా?"

"కొంచెం గీకి పొడి చేస్తారు. మిగతాది వస్తుంది."

ఆమె దండ తీసి, కత్తెరతో దారం తెంపి, ఒక్క పూస నా అరచేతిలో పెట్టింది. మిగిలిన ముప్పై మళ్లీ గుచ్చుకుంది. అప్పుడైనా, వద్దులే అక్కా, ఈ పందెమే తప్పు, పద ఆసుపత్రికి పోదాం అని ఉండొచ్చు. కొరియర్ ఆఫీసు మూసే వేళవుతుందని లేచి వచ్చేశాను.

ఎదురు చూసిన మూడు వారాలు నేను పుస్తకాలు తిరగేశాను. అంబర్ తల్లిచెట్టు ఏదన్నది తెగని తగాదా అని అప్పుడే వివరంగా చదివాను. బాల్టిక్ అంబర్ చెట్టుకు పూర్వులు పైన్ జాతి పేరు పెట్టారు. కానీ నేటి పైన్ చెట్ల జిగురు అలా వలగా అల్లుకోదు, అందులో సక్సినిక్ ఆమ్లం లేదు. అల్లుకునే జిగురున్న, కౌరీ అనే మరో విదేశీ చెట్టులో ఆ ఆమ్లం కనిపించదు. జపాన్‌లో గొడుగు పైన్ అనే ఒంటరి జాతి చెట్టు ఒకటి మిగిలింది, దాని బంధువే కావచ్చునని కొందరంటారు. మన గుజరాత్ బొగ్గుగనుల్లో దొరికే అంబర్‌ది వేరే సంగతి. అది సాల వృక్షాల కుటుంబానిది, శిల్పి మూకుడులోని గుగ్గిలానికి దూరపు చుట్టం. దాని నిర్మాణమే వేరు, సక్సినిక్ ఆమ్లం లేదు. కాబట్టి అవ్వ పూసలు కార్చిన చెట్టు ఏదో ఎవరికీ తెలియదు. ఆ చెట్టు పోయింది, దాని గాయం మీది పొక్కు మాత్రం మిగిలింది. ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటూ ఆ మూడు వారాలు నేను సంతోషంగానే గడిపాను.

ఫలితం ఈమెయిల్‌లో వచ్చింది. పరారుణ కిరణాలు పూస పొడి గుండా పంపితే ఏ బంధం ఏ కిరణాన్ని మింగిందో గీతగా వస్తుంది. బాల్టిక్ అంబర్ గీతలో ఒకచోట పల్లం సమతలంగా సాగి, ఆ వెంటనే నిట్టనిలువుగా దిగుతుంది. మనిషి భుజంలా ఉంటుందని దాన్ని భుజం అనే పిలుస్తారు. మరే జిగురుకూ అంత స్పష్టంగా ఉండదు. నా తెర మీద ఆ భుజం పుస్తకంలో బొమ్మంత స్పష్టంగా ఉంది. నా విద్యార్థి కింద రాశాడు, చాలా మంచి నమూనా సార్, ఎక్కడిది అని.

నాకు ఆనందం కలిగింది. ఎంతసేపు అంటే, గీతను ప్రింటు తీసి, కంటికి దగ్గరగా పట్టుకుని, మళ్లీ మళ్లీ చూసి, భార్యను పిలిచి చూపించేదాకా. ఆమె కాగితం వైపు చూడలేదు. "అయితే వదిన ఆసుపత్రికి పోదన్నమాట" అంది.

ఆంగ్లంలో ఉన్న నివేదిక అక్కకు అర్థం కాదని, దాని వెనక వైపు నా చేతి రాతతో తెలుగులో ఒక వాక్యం రాశాను. "పరీక్షించి చూడగా ఈ పూసలు అసలైనవి." సంతకం, తేదీ. అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు రాయడం ప్రయోగశాల మర్యాద.

ఆళ్లగడ్డలో బస్సు దిగి వీధి మలుపు తిరుగుతుంటే శిల్పి ఎదురుపడ్డాడు. చేతిలో కాగితం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ప్లాస్టిక్ అని చెప్పప్పా."

"రిపోర్టు అలా లేదు."

"రిపోర్టు నీ జేబులో ఉండాది. ఆమె ఇంట్లో ఉండాది. నడుమ ఎవురుండారు? రాయిలో పగులుంటే మేం లక్క పెట్టి మూస్తాం. నువ్వొక్క మాట పెట్టి మూయలేవా?"

"పూజకు పోయేదానికి అతుకు పెట్టం అన్నారు కదా మీరు."

ఎందుకన్నానో ఆ మాట. ఆయన "బతకాల్సింది రాయి కాదు సార్" అని పక్కకు తప్పుకున్నాడు.

అక్క ఇంటిదాకా మిగిలిన నలభై అడుగులు నడిచేలోపు అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. నా ముఖం చూసి, నేను నోరు తెరవకముందే, "నిజమైందే కదా?" అని అడిగింది. ఔనన్నాను. నా జీవితంలో ఏ నిజమూ అంత అలవాటుగా, అంత ఆలోచన లేకుండా నా నోటి నుంచి రాలేదు.

ఆమె కాగితం రెండు చేతులతో తీసుకుని, నా వాక్యం చదివి, కళ్లకద్దుకుంది. ఏడ్చింది.

"చూసినావా అవ్వా, నీకు నిజమైందే ఇచ్చింది ఆ యమ్మ. ఈడు నమ్మలా."

ఆ తర్వాత చెప్పాను, ముందు చెప్పాల్సినదంతా. ఆమ్లం వలలో ముడిపడి ఉందని, బట్టీలో పెట్టి రెండు వందల డిగ్రీల పైన కాలిస్తే తప్ప బయటికి రాదని, ఒంటి వేడికి నాలుగు కోట్ల ఏళ్లు వేసుకున్నా దిగదని. దిగినా ప్రయోజనం లేదని, మన ఒంట్లో ప్రతి కణమూ ఆ ఆమ్లాన్ని అనుక్షణం తయారుచేసుకుంటూనే ఉంటుందని.

"ఒంట్లో ఉండేదే అంటే మంచిదే కదా" అంది.

"అక్కా, అసలైనదైనంత మాత్రాన పనిచేయదు."

"ఓడిపోయినాక మాట మారుస్తాండావ్." ఆమె కాగితం తిప్పి చూపించింది. "దీంట్లో ఆ మాట యాడుండాది?"

లేదు.

వానాకాలం మధ్యకు ఆమె గొంతు బొంగురుపోయింది. చర్చిలో ముందు వరుస నుంచి వెనక బల్లకు మారింది, పెదవులు మాత్రం కదిపేదట. తర్వాత అన్నం దిగలేదు, జావ తాగింది. కోడలు, అంటే అక్క కూతురు, బనగానపల్లె నుంచి వచ్చి చూసి, నన్ను అడక్కుండా కారు పెట్టి కర్నూలు తీసుకుపోయింది. నేను నంద్యాలలో వాళ్ల కారు ఎక్కాను. స్కాన్‌కు ముందు మెడలో ఏమీ ఉండకూడదని నర్సు చెబితే, అక్క దండ తీసి, కూతురికి ఇవ్వకుండా నాకిచ్చింది. "నువ్వు పట్టుకో, నీకే దాని విలువ తెలుసు" అని గుసగుసలాడింది. అప్పటికి ఆమెకు అంతకు మించి గొంతు లేదు. వరండాలో నిలబడి పిడికిట్లో పట్టుకున్నాను. పూసలు వెచ్చగా ఉన్నాయి. అంబర్ వేడిని త్వరగా వదలదు, అందుకే రాయిలా చల్లగా తగలదు. ఈ వివరణ కూడా నాకు నేనే చెప్పుకున్నాను. స్కాన్ అయ్యాక దండ తిరిగి ఇచ్చేశాను.

గడ్డ ఊపిరి గొట్టాన్ని చుట్టుకుందన్నారు. కోసి తీసే దశ దాటిందన్నారు. డాక్టరు తన గది బయటికి వచ్చినప్పుడు అడిగాను.

"ఎండాకాలంలోనే తీసుకొచ్చి ఉంటే?"

"చెప్పలేనండీ. ఇలాంటివి కొన్ని ఏళ్ల తరబడి ఊరికే ఉండి ఒక్కసారిగా తిరగబడతాయి. అప్పటికే తిరగబడిందో, ఆ తర్వాతో, ఎవరికీ తెలియదు. అప్పుడు సూది పరీక్ష చేసి ఉంటే తెలిసేది."

ఆయన నిజాయితీపరుడు. ఆధారం లేని మాట చెప్పలేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం నీ వల్లే అనో, నీ వల్ల కాదనో, ఏదో ఒకటి ఆయన చెబితే బాగుండుననిపించింది. ఒకే రోగి. రెండో అక్క లేదు, రెండో ఎండాకాలం లేదు, పోల్చి చూడటానికి ఏమీ లేదు. అవ్వ వాపు గురించి నేను ఏ మాటలతో ఎగతాళి చేశానో ఆ మాటలే నా ముందు నిలబడ్డాయి.

చలి తగ్గకముందే అక్క పోయింది. ఆళ్లగడ్డ సమాధుల దొడ్డిలో, బావ పక్కన పెట్టాం. పాదిరి ప్రార్థన చేస్తుండగా పెట్టెలో చూశాను. మెడ ఖాళీగా ఉంది. దండ ఎక్కడా అని నేను అడగలేదు.

పదో రోజున అక్క బీరువా సర్దడానికి కోడలు నన్ను పిలిచింది. తలుపు తీసిన అమ్మాయి మెడలో ఉంది దండ. ముప్పై పూసలే, హైదరాబాదుకు పోయింది తిరిగి రాలేదు. ఎరుపు ఇంకా ముదిరినట్టు ఉంది.

"అవి తీసెయ్యమ్మా."

"ఎందుకు మామా? అసలైనవే కదా. నువ్వే తేల్చినావు."

"అసలైనవే. కానీ పనిచేయవు. మీ అమ్మను చూశావు కదా."

ఆ అమ్మాయి నాతో వాదించలేదు. చీరలు మడతపెడుతూ, తలెత్తకుండా, మెల్లగా అంది.

"అమ్మ చానా లేటుగా ఏసుకునింది మామా. గడ్డ కనపడినాక గదా ఎతుక్కునింది. మొదట్నుంచీ ఏసుకోనుంటే వచ్చేదే కాదేమో."

ముందే ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే అని నేను రోజూ అనుకునేదీ, ముందే వేసుకుని ఉంటే అని ఆమె అనుకునేదీ ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. ఆమెది తప్పని నాకు తెలుసు. దానికి రసాయనశాస్త్రం ఉంది. నాది ఒప్పని మాత్రం రుజువు చేయలేను.

ఆ అమ్మాయి గొంతు వైపు చూశాను. పూసల కింద ఏమైనా ఉందా అని. ఆమె గమనించి పైట సర్దుకుంది. ఒకసారి డాక్టరుకు చూపించుకో, ఊరికే, ముగ్గురికి వచ్చింది కదా అన్నాను. ముగ్గురు అన్నాక, అమ్మకు వచ్చిందో లేదో నాకు తెలియదని గుర్తొచ్చి, ఇద్దరికి అని దిద్దుకున్నాను. "చూద్దాం లే మామా" అంది. అచ్చం వాళ్లమ్మ గొంతు.

బీరువా పై అరలో అక్క బైబిల్ ఉంది. అందులోంచి కాగితం అంచు కనిపిస్తే లాగాను. భుజం ఉన్న గీత. వెనక్కి తిప్పాను. "పరీక్షించి చూడగా ఈ పూసలు అసలైనవి." సంతకం, తేదీ. ఆ కింద కాగితం మూడొంతులు ఖాళీ.

జేబులోంచి పెన్ను తీశాను. కోడలు చూసింది.

"దాంట్లో ఏం రాయొద్దు మామా. అమ్మ దినామూ చదువుకునే కాయితం అది."

పెన్ను మూత పెట్టాను. కాగితం ఏ పేజీలో ఉండేదో తెలియలేదు. మధ్యలో ఎక్కడో పెట్టి మూశాను.